గుండె కణంలో క్యాల్షియం లీకైతే పాలు మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. మొదటిసారి బడిలో ఖోఖో ఆడుతూ పడిపోయింది. నిమిషంలోనే లేచింది కాబట్టి వడదెబ్బ అనుకున్నాం. ఆరు నెలల తర్వాత వీధికుక్క తరిమితే పరుగెత్తి మళ్లీ పడిపోయింది, ఈసారి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఫిట్స్ అన్నారు, ఏడాదిగా మందులు వాడుతున్నాం. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్‌గానే వచ్చాయి. ఈ మధ్య వేరే డాక్టరుగారు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూసి సీపీవీటీ (పరుగులోనో భయంలోనో గుండె లయ తప్పే జబ్బు) అన్నారు. గుండె కణాల్లో క్యాల్షియం లీకవుతోందని చెప్పి ప్రొప్రనలాల్ మాత్రలు రాశారు. అప్పటినుంచి మా ఆవిడ అమ్మాయికి పాలు, పెరుగు, రాగిజావ మానిపించింది. ఇది సరైనదేనా? మాత్రలు జీవితాంతం వాడాలా? మాది మేనరికం. ఏడేళ్ల బాబు ఉన్నాడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు. వాడికీ పరీక్షలు చేయించాలా?
– ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా

జవాబు: ముందుగా మీ ఇంట్లో ఈ రోజే మారవలసిన విషయం చెబుతాను. అమ్మాయికి పాలు, పెరుగు, రాగిజావ మళ్లీ మొదలుపెట్టండి. క్యాల్షియం లీక్ అన్న మాట వింటే ఏ తల్లికైనా మొదట గుర్తొచ్చేది పాలగ్లాసే కాబట్టి మీ ఆవిడను తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ లీకుకూ తినే తిండికీ సంబంధం లేదు. మన ఒంట్లోని క్యాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో అది డెసిలీటరుకు దాదాపు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యనే ఉండేలా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు నిరంతరం చూసుకుంటాయి. తిండిలో తగ్గితే అవి ఎముకల నుంచి తీసి రక్తానికి అందిస్తాయి. అంటే పాలు మానిపించడం వల్ల గుండె కణంలో తగ్గేది ఏమీ ఉండదు, ఎదిగే వయసులో ఉన్న ఆ పిల్ల ఎముకలే నష్టపోతాయి. అలాగని బలానికని క్యాల్షియం మాత్రలు కొని వేయనక్కరలేదు. ఈ జబ్బుకు అవి మందు కావు.

మరి లీకవుతున్నది ఏమిటి? గుండె కొట్టుకోవడానికి క్యాల్షియం కావాలని మొదట చూపినవాడు సిడ్నీ రింగర్ అనే ఆంగ్ల వైద్యుడు. లండన్ కుళాయి నీటితో చేసిన ఉప్పు ద్రావణంలో కప్ప గుండె చక్కగా కొట్టుకుంటూ ఉండటం, శుద్ధిచేసిన నీటితో చేసిన ద్రావణంలో ఆగిపోవడం గమనించి, తేడా కుళాయి నీటిలోని క్యాల్షియంలో ఉందని ఆయన 1883లో తేల్చాడు. ఆ క్యాల్షియం కణంలోపల ఎలా కదులుతుందో అర్థమైతే మీ అమ్మాయి జబ్బూ, ఆమెకు రాసిన మాత్రా రెండూ అర్థమవుతాయి.

ప్రతి గుండె కండరకణంలోనూ క్యాల్షియాన్ని నిల్వచేసే సన్నని గొట్టాల అల్లిక ఒకటి ఉంటుంది. దాన్ని ఒక చెరువు అనుకోండి. ఆ చెరువుకు తూములు ఉంటాయి. వాటి పేరు ర్యానోడిన్ రిసెప్టార్లు. విద్యుత్ ప్రేరణ వచ్చినప్పుడు కణం పైపొరలోని ద్వారాల గుండా కాస్త క్యాల్షియం బయటినుంచి లోపలికి వస్తుంది. ఆ కాస్త తగలగానే తూములన్నీ ఒక్కసారి తెరుచుకుని చెరువులోని క్యాల్షియం కణమంతా పరుచుకుంటుంది, కండరం ముడుచుకుంటుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు కణంలోపలి క్యాల్షియం బయట ఉన్నదానిలో పదివేలో వంతు మాత్రమే. ముడుచుకునే క్షణంలో అది సుమారు పది రెట్లవుతుంది. వెంటనే తూములు మూతపడాలి, సెర్కా అనే మోటారు ఆ క్యాల్షియంలో చాలా భాగాన్ని తిరిగి చెరువులోకి తోడాలి, మిగిలినది కణం బయటికి పోవాలి. అప్పుడే కండరం సడలి, గుండె మళ్లీ రక్తంతో నిండుతుంది. ఈ తెరవడం, మూయడం, తోడడం సెకను తిరక్కుండా జరిగిపోయి, రోజుకు లక్షసార్లు పునరావృతమవుతాయి. ఆ మోటారుకు కరెంటు లాంటిది ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ ఏటీపీని కండరం నుంచి వేరుచేసి చూపినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

మీ అమ్మాయి విషయంలో చెరువూ మోటారూ బాగానే ఉన్నాయి. లోపం సాధారణంగా తూము తలుపులో ఉంటుంది, లేదా చెరువులో క్యాల్షియాన్ని పట్టి ఉంచుతూ ఆ తలుపు కుదురుగా ఉండటానికి తోడ్పడే కాల్‌సీక్వెస్ట్రిన్ అనే ప్రొటీనులో ఉంటుంది. ఈ రెండింటి జన్యులోపాలూ 2001లోనే బయటపడ్డాయి. కూర్చుని చదువుకుంటున్నప్పుడు ఆ తలుపు బాగానే మూసుకుని ఉంటుంది. పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు, పట్టరాని కోపమో సంతోషమో కలిగినప్పుడు అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగసిపడుతుంది. అది మోటారును వేగంగా తిప్పి చెరువును కట్ట దాకా నింపుతుంది, తూము తలుపును కూడా కొంచెం వదులు చేస్తుంది. మామూలు గుండె దీన్ని తట్టుకుంటుంది, తట్టుకోవడమే కాదు, దాని సాయంతోనే బలంగా కొట్టుకుంటుంది. లోపమున్న తలుపు మాత్రం నిలవదు. స్పందన ముగిసి కణం సడలవలసిన సమయంలో, పిలవని వేళ, క్యాల్షియం బయటికి కారుతుంది.

కారిన క్యాల్షియం కణంలో ఉండిపోకూడదు కాబట్టి పైపొర మీది మరో ద్వారం దాన్ని బయటికి పంపుతుంది. అయితే అది ఒక క్యాల్షియం అయాన్‌ను పంపేటప్పుడు మూడు సోడియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. క్యాల్షియం మీద రెండు ధన విద్యుదావేశాలు, సోడియం మీద ఒకటి ఉంటాయి కాబట్టి, ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ప్రతిసారీ ఒక ధనావేశం లోపల మిగులుతుంది. అలాంటివి లక్షలుగా చేరితే కణం విద్యుత్ పరంగా మళ్లీ ఉలిక్కిపడుతుంది, ఎవరూ ఆదేశించని అదనపు స్పందన పుడుతుంది. అది ఒకటితో ఆగితే గుండె దడ. వరుసగా వస్తే గుండె వణకడమే గానీ రక్తాన్ని తోయలేదు, మెదడుకు రక్తం అందక పిల్ల కూలిపోతుంది. రక్తం అందని మెదడు వల్లనే ఆ కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. చూసేవారికి అది ఫిట్స్ లాగానే ఉంటుంది.

ఈసీజీ, ఎకో నార్మల్‌గా ఉన్నాయి కదా అని మీరు సందేహపడటం సహజం. ఎకో గుండె గోడలను, కవాటాలను చూపుతుంది గానీ కణంలోని తలుపును చూపలేదు. ఈసీజీ తీసింది పిల్ల మంచం మీద పడుకుని ఉన్నప్పుడు. ట్రెడ్‌మిల్ గదిలో కథ వేరుగా ఉంటుంది. మొదటి నిమిషాల్లో గీతలన్నీ ఒద్దికగా నడుస్తాయి. గుండె వేగం నిమిషానికి 110, 120 దాటుతుండగా ఎక్కడో ఒక వెడల్పైన స్పందన తొంగిచూస్తుంది. పట్టా వేగం పెంచితే అవి ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి, తర్వాత జంటలుగా వస్తాయి, కొందరిలో ఒక గీత పైకి, తర్వాతి గీత కిందికి మారుతూ కనిపిస్తాయి. అక్కడ ఆపేస్తాం. ఒకటి రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది, పిల్ల చెమట తుడుచుకుంటూ అయిపోయిందా అని అడుగుతుంది. ఆ పైకీ కిందికీ ఊగే గీత మన ప్రాంతపు డాక్టర్లకు కొత్తది కాదు. పచ్చగన్నేరు పప్పు మింగి అత్యవసర విభాగానికి వచ్చినవారిలోనూ అది కనిపించవచ్చు. ఆ విషం వేరే దారిలో వెళ్లినా చివరికి చేసేది గుండె కణాన్ని క్యాల్షియంతో నింపెయ్యడమే.

పరుగులోనో భయంలోనో మాత్రమే స్పృహ తప్పే పిల్లల గురించి ఫ్రాన్స్‌లో ఫిలిప్ కూమెల్ బృందం 1978లోనే రాసింది. 1995లో అలాంటి 21 మంది పిల్లల వివరాలు అక్కడినుంచే వచ్చాయి. అయినా ఈ జబ్బు ఇప్పటికీ ఫిట్స్‌గా పొరబడటం చూస్తూనే ఉన్నాం, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఆ రోజు ఏం చేస్తూ పడిపోయావమ్మా అన్న ఒక్క ప్రశ్నకు పిల్ల చెప్పే జవాబులోనే చాలావరకు రోగనిర్ధారణ ఉంటుంది. అయితే ఫిట్స్ మందును మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. న్యూరాలజిస్టుకు ట్రెడ్‌మిల్ రిపోర్టు చూపి, వారు చెప్పిన క్రమంలోనే తగ్గించుకుంటూ రండి.

ఇక మాత్ర సంగతి. అడ్రినలిన్ గుండె మీద పనిచేయకుండా అడ్డుకునేదే ప్రొప్రనలాల్, ఇలాంటి మందులను బీటా బ్లాకర్లు అంటారు. అంటే అది తలుపును బాగుచెయ్యదు, చెరువు కట్ట దాకా నిండకుండా చూస్తుంది. ఈ తేడా మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మాత్ర పనిచేసేది ఒంట్లో ఉన్నంతసేపే. ఆర్నెల్లు ఏమీ కాలేదు కదా అని ఆపితే లోపం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది, పైగా బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే గుండెకు అడ్రినలిన్ మరింత గట్టిగా తగులుతుంది. మళ్లీ పడిపోయి మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది విషయంలో విచారిస్తే పెళ్లికి వెళ్తూ మాత్రలు మరిచిపోవడమో, చీటీ అయిపోయి నాలుగు రోజులు ఆలస్యం కావడమో బయటపడుతుంది. అందుకే ఇంట్లో ఎప్పుడూ కనీసం రెండు వారాలకు సరిపడా నిల్వ ఉంచండి. ఒకపూట కూడా తప్పకూడదు. జీవితాంతం వాడాలా అన్న మీ ప్రశ్నకు నేటి వైద్యం ఇవ్వగలిగిన నిజాయితీ గల జవాబు, అవును, వాడాలి.

ఈ జబ్బుకు నాడొలాల్, ప్రొప్రనలాల్ అనే రెండు బీటా బ్లాకర్లకే ప్రాధాన్యం. మెటొప్రొలాల్, అటెనొలాల్ వంటివి బీపీకి బాగా పనిచేస్తాయి గానీ ఇక్కడ అంత రక్షణ ఇవ్వవు. అన్నీ ఒకటేనని మందుల దుకాణంలో మార్చి ఇస్తే తీసుకోకండి. పిల్ల బరువు పెరిగేకొద్దీ మోతాదు పెంచాలి, పెంచిన తర్వాత మళ్లీ ట్రెడ్‌మిల్ చేసి సరిపోతున్నదో లేదో చూడాలి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. వాంతులు అవుతున్నా, ఏమీ తినకపోయినా ఈ మందు వల్ల రక్తంలో చక్కెర పడిపోవచ్చు, కాబట్టి ఖాళీ కడుపుతో ఉంచకుండా వెంటనే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. బీటా బ్లాకర్ ఒక్కటే చాలకపోతే ఫ్లెకైనైడ్ కలుపుతారు. ఈ జబ్బులో అది మేలు చేస్తుందని 2009లో తేలింది. అదీ చాలని కొద్దిమందికి గుండెకు ఎడమవైపునుంచి వెళ్లి దాన్ని ఉత్తేజపరిచే కొన్ని సింపథెటిక్ నరాలను తొలగించే శస్త్రచికిత్స ఉంది. లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసేందుకు ఛాతీలో అమర్చే ఐసీడీ యంత్రం ప్రాణం కాపాడవచ్చు గానీ దాని షాక్ నొప్పికి పిల్ల బెదిరితే మళ్లీ అడ్రినలిన్, మళ్లీ అదే లయ, మళ్లీ షాక్ అన్న విషవలయం ఏర్పడవచ్చు కాబట్టి దాన్ని మొదటి మార్గంగా ఎంచుకోం.

బడికి ఒక ఉత్తరం రాసి ఇవ్వండి. పరుగుపందేలు, ఖోఖో, కబడ్డీ వద్దు. ఈత అసలే వద్దు, నీళ్లలో స్పృహ తప్పితే చూసేవారికి తెలిసేలోపే ప్రమాదం జరిగిపోతుంది. నడక, స్నేహితులతో కబుర్లు, పాటలు, చదువు అన్నీ మామూలుగా సాగనివ్వండి, పిల్లను గాజుబొమ్మను చేయవద్దు. జలుబు మందుల్లో సూడోఎఫెడ్రిన్ ఉన్నవి, పంటి డాక్టరు వాడే అడ్రినలిన్ కలిసిన మత్తు ఇంజెక్షన్ వంటివి ముందుగా మీ గుండె డాక్టరును అడగకుండా వద్దు. మీ ఇద్దరూ, వీలైతే క్లాస్ టీచరు కూడా సీపీఆర్ నేర్చుకోండి. పడిపోయిన పిల్ల పలకక, సరిగా ఊపిరి తీయకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. జబ్బు పేరు, ఈ జబ్బులో అడ్రినలిన్ ఇంజెక్షన్ లయను మరింత చెడగొట్టవచ్చన్న మాట ఒక కార్డు మీద రాసి బడి సంచిలో పెట్టండి.

బాబుకు పరీక్షలు తప్పనిసరి. అతనికి ఇబ్బంది లేకపోవడం ఇప్పటివరకు అదృష్టమే కావచ్చు. ముందు అమ్మాయికి జన్యుపరీక్ష చేయించి లోపం ఏదో తేల్చుకోవాలి, ఆ ఒక్క లోపం కోసం మీ ఇద్దరికీ, బాబుకూ చూస్తే సరిపోతుంది. తూము తలుపు జన్యువులో లోపమైతే తల్లిదండ్రుల్లో ఒకరినుంచి వచ్చి ఉండవచ్చు, అప్పుడు బాబుకు వచ్చే అవకాశం సగం. లేదా పిల్లలోనే కొత్తగా పుట్టి ఉండవచ్చు. కాల్‌సీక్వెస్ట్రిన్ లోపమైతే సాధారణంగా తల్లీ తండ్రీ ఇద్దరూ చెరొక ప్రతిని మోస్తూ తాము ఆరోగ్యంగానే ఉంటారు, అప్పుడు ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఈ రెండో రకానికి అవకాశం పెరుగుతుంది. ఇది మీ తప్పు కాదు, డాక్టరుకు మాత్రం దాచకుండా చెప్పవలసిన విషయం. జన్యుపరీక్ష ఫలితం వచ్చేలోగా మీ ముగ్గురికీ ఈసీజీ, హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ), ట్రెడ్‌మిల్ చేయించండి, అంతవరకు బాబును పరుగుపందేలకూ ఈతకూ పంపకండి. లోపం ఉన్నట్టు తేలితే లక్షణాలు లేకపోయినా మందు మొదలుపెట్టడం గురించి డాక్టరు మీతో మాట్లాడతారు.

జన్యు నిపుణుల దగ్గరికి వెళ్లేముందు ఇంకొక పని చేయండి. మీది మేనరికం కాబట్టి రెండువైపుల పెద్దలూ ఒకే కుటుంబంవారు. అమ్మాయి అమ్మమ్మనూ నాయనమ్మనూ కూర్చోబెట్టి, చిన్నవయసులో బావిలోనో చెరువులోనో ఈదుతూ పోయినవారు, ఆడుతూ ఆడుతూ ఒరిగిపోయినవారు, మూర్ఛ ఉందని చెప్పుకునేవారు ఎవరైనా ఉన్నారేమో నెమ్మదిగా అడగండి. వారు చెప్పిన ప్రతి పేరు పక్కన వయసు, ఆ సమయంలో ఏం చేస్తున్నారో రాసుకుని ఆ కాగితం మీ వెంట తీసుకెళ్లండి.