పాఠకుల ప్రశ్నలు: వేలిముద్రకు తాళం వేయొచ్చా?

ప్రశ్న: ఈమధ్యే ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. దస్తావేజు మీది వేలిముద్రలు, జతపరిచిన ఆధార్ జిరాక్సులతో బ్యాంకు డబ్బు లాగేస్తారని బంధువులు భయపెడుతున్నారు. చట్టం కాపాడదా? పై వాటాలో అద్దెకొచ్చేవాళ్లను ఆధార్ కాపీ అడగొచ్చా?
– ఒక పాఠకురాలు, బోడుప్పల్, హైదరాబాద్

జవాబు: అది ఉత్తి భయం కాదండీ. దస్తావేజుల మీది ముద్రల నుంచి నకిలీ వేలిముద్రలు తయారుచేసిన కేసులు తెలంగాణలోనే బయటపడ్డాయి. ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్‌లో కార్డు, పిన్, ఓటీపీ అక్కర్లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు.

ఆధార్ సంస్థ తన దగ్గరున్న వేలిముద్రలు, కనుపాప ముద్రలు ఎవరికీ ఇవ్వకూడదని ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ చెబుతోంది. కానీ దొంగ ఆ సర్వర్ల జోలికే పోవడం లేదు, కాగితం మీది ముద్ర తీసుకుంటున్నాడు. పిన్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. అందుకే తాళం మీరే వేసుకోవాలి.

మైఆధార్ సైట్‌లో గానీ ఆధార్ సంస్థ యాప్‌లో గానీ ఓటీపీతో లాగినై బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, కనుపాప ముద్రలు) లాక్ చేయండి. ఆధార్‌కు ఫోన్ నంబరు జతై ఉండాలి. లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో ఆ పని చేయించుకోండి. లాక్ పడ్డాక ఎక్కడ వేలు పెట్టినా 330 ఎర్రర్ వస్తుంది. రేషన్ షాపులోనూ అంతే, మిషన్ పాడైందని వెనక్కి వచ్చేయకండి. మీ వంతు దగ్గరపడ్డాక తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే పది నిమిషాల్లో మళ్లీ లాక్ అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో మాత్రం ముందే చూసుకోండి. ఊళ్లో లేని కొడుకు నంబరైతే ఆ పూట రేషన్ అందకపోవచ్చు.

మీ ఆధార్‌ను ఎప్పుడు వాడారో అదే సైట్‌లోని 'ఆథెంటికేషన్ హిస్టరీ'లో కనిపిస్తుంది, అయితే ఆరు నెలలదే. ఈ రికార్డులను ఐదేళ్లు దాచే నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసి, ఆరు నెలలకు మించి ఉంచొద్దంది. గోప్యతకు అది మంచి తీర్పే. కానీ మోసానికి ఆధారం కావాలంటే మీరు ఆలస్యం చేయకూడదు. తెలియని ఎంట్రీ కనబడగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు మెసేజ్ అందాక మూడు పని దినాల్లో తెలియజేస్తే నష్టం మీమీద పడకూడదని ఆర్‌బీఐ 2017లోనే చెప్పింది. ఫిర్యాదు కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకండి.

ఇక అద్దెవాళ్లు: ఆధారే కావాలని పట్టుబట్టకండి, ఓటరు కార్డైనా డ్రైవింగ్ లైసెన్సైనా సరిపోతుంది. వాళ్లే ఆధార్ ఇస్తామంటే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ అడగండి. దాని మీద అడ్డంగా తేదీ వేసి 'అద్దె ఒప్పందం కోసం మాత్రమే' అని రాయించండి, ఇల్లు ఖాళీ చేసిన రోజున వాళ్ల చేతికే తిరిగిచ్చేయండి.