పంపు ఆపితే కార్డు రీసెట్ అవుతోంది

ప్రశ్న: పాత లేత్‌కు సీఎన్‌సీ కంట్రోల్ పెడుతున్నాం. 8 ఇన్‌పుట్లు, 4 రిలేలతో డిన్ రైల్ మీద కూర్చునే కార్డు సొంతంగా చేశాం. బల్ల మీద బాగానే పనిచేసింది. ప్యానెల్‌లో బిగించాక కూలెంట్ పంపు ఆపినప్పుడల్లా రీసెట్ అవుతోంది. ఒక్కోసారి స్లయిడ్ కదలకుండానే లిమిట్ ఇన్‌పుట్ (స్లయిడ్ చివరికి చేరిందని చెప్పేది) వెలుగుతోంది. ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: ముందు పంపు కాంటాక్టర్ (మోటారు కరెంటును కలిపి తెంచే పెద్ద రిలే) దగ్గర మొదలుపెట్టండి. కాయిల్‌కు కరెంటు తెగిన క్షణంలో వందల వోల్టుల పోటు పుడుతుంది. 230 వోల్టుల ఏసీ కాయిల్ అయితే 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్‌తో స్నబ్బర్‌ను (పోటును మింగే జతను) కాయిల్ మీదే, దాని టెర్మినళ్లు ఏ1–ఏ2 మధ్య బిగించండి. చాలామంది దీన్ని కార్డు మీద రిలే కాంటాక్టుకు అడ్డంగా పెడతారు. అలా పెడితే రిలే తెరుచుకున్నా దాదాపు 7 మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి, చిన్న కాంటాక్టర్ వదలకపోవచ్చు. కాయిల్ 24 వోల్టుల డీసీ అయితే 1ఎన్4007 డయోడ్ చాలు. కాకపోతే దానితో కాంటాక్టర్ కాస్త ఆలస్యంగా వదులుతుంది.

ఇక కార్డు సంగతి. 24 వోల్టులు లోపలికొచ్చే చోట ఫ్యూజు, రివర్స్ పోలారిటీ డయోడ్, ఎస్‌ఎంబీజే33ఏ టీవీఎస్ (పోటును అణిచే డయోడ్) ఆ క్రమంలో పెట్టండి. ఇక్కడ ఒక చిక్కుంది. 33 అని పేరున్నా గట్టి పోటు వచ్చినప్పుడు ఆ టీవీఎస్ 53 వోల్టుల దాకా పోనిస్తుంది. 24 వోల్టులను తగ్గించడానికి బజారులో దొరికే ఎల్‌ఎం2596 మాడ్యూల్ తట్టుకునేది 45 వరకే. కాబట్టి 60 వోల్టులు తట్టుకునే బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించేది) తీసుకోండి.

లిమిట్ ఇన్‌పుట్‌కు ఆప్టోకప్లర్ (సంకేతాన్ని వెలుతురుతో దాటించే చిప్) ముందు 4.7 కిలోఓమ్ రెసిస్టర్ ఒక్కటే పెట్టి ఉంటారు. అలాగైతే మూడు నాలుగు వోల్టుల నాయిస్‌కే అది వెలుగుతుంది. ఆప్టో ఎల్‌ఈడీకి అడ్డంగా 1 కిలోఓమ్ కలపండి, దాదాపు 7 వోల్టులు దాటితే గానీ వెలగదు. రెండు వైర్ల ప్రాక్సిమిటీ సెన్సర్ లీకేజీకి (ఆఫ్‌లో ఉన్నా కారే కరెంటుకు) కూడా ఇదే మందు. ప్రోగ్రాంలో 3 మిల్లీసెకన్ల ఫిల్టర్ పెట్టొచ్చు, కానీ నిమిషానికి 10 మీటర్ల వేగంలో ఆలోపు స్లయిడ్ అర మిల్లీమీటరు జరుగుతుందని మరవకండి. హోమింగ్ (స్లయిడ్‌ను మొదటి స్థానానికి చేర్చడం) నెమ్మదిగానే చేయాలి.

కార్డును మోటారు నడిపే డ్రైవ్ పైన పెట్టకండి, వేడంతా పైకే వస్తుంది. మోటారు కేబుల్‌కూ సెన్సర్ వైర్లకూ వేర్వేరు డక్ట్‌లు, మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉండాలి. రైల్ బిగించే చోట ప్లేటు మీద పెయింట్ గీకేయండి, లేకపోతే ఎర్త్ పేరుకే ఉంటుంది. లేత్ అదురుకు కార్డు పక్కకు జరగకుండా అటూ ఇటూ ఎండ్ క్లాంపులు వేయండి.

ప్రశ్న: ఎమర్జెన్సీ స్టాప్‌ను కూడా ఇలాంటి కార్డు ఇన్‌పుట్‌కే ఇవ్వొచ్చా?
– మరో పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుపోయినా, రిలే కాంటాక్టు అతుక్కుపోయినా మిషన్ ఆగదు. బటన్‌లోని రెండు ఎన్‌సీ (నొక్కితే తెరుచుకునే) కాంటాక్టులూ సేఫ్టీ రిలేకు వెళ్లాలి, కాంటాక్టర్ల కరెంటు అదే తెంచాలి. ఆ సేఫ్టీ రిలే ఆక్సిలరీ కాంటాక్టు నుంచి ఒక వైరు కార్డుకు ఇస్తే, స్టాప్ నొక్కారన్న సమాచారం కంట్రోల్‌కు అందుతుంది.