'స్ప్రే' అన్న మాట రాక రెండో ఫీజు కట్టాను

సందేహం: అక్కా, మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. యూకేలో ఎమ్మెస్సీకి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. రోజుకు ఎన్ని ఇంగ్లిష్ మాటలు బట్టీ పడితే సరిపోతుంది?

తమ్ముడూ, ఎన్ని అని అడిగావు చూడు, నేనూ అక్కడే బోల్తా పడ్డాను. పడినందుకు ఎంతయిందో కూడా చెప్తాను, ఎందుకంటే నువ్వు అడగనిది అదే.

మాది హాలియా దగ్గర. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్లేదాన్ని. కోఠి ఫుట్‌పాత్ మీద జీఆర్‌ఈ అనే వేరే పరీక్షకు చదివే పాత పుస్తకం ఒకటి కొన్నాను. అందులో మూడు వేలకు పైగా మాటలు. అది నా పరీక్ష పుస్తకమే కాదని నాకు తెలియదు. లావుగా ఉంది కాబట్టి మంచిదనుకున్నాను. రోజుకు యాభై మాటలు, పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసి మంచం పక్కన గోడకు అంటించేదాన్ని. హాస్టల్ పిల్లలు డిక్షనరీ అని పిలిచేవాళ్లు. సంబరపడ్డాను కూడా.

పరీక్షలో రెండో రైటింగ్ ప్రశ్నకు 250 మాటలకు తగ్గకుండా వ్యాసం రాయాలి. 'ప్లెథొరా' (లెక్కకు మించినన్ని) అన్న మాటను మూడు చోట్ల పెట్టాను. ఒక చోట 'ప్లెథొరా ఆఫ్ వాటర్' అని రాశాను. ఆ మాట నీళ్లకు అతకదని యూకేకు వచ్చాక ఒకామె నవ్వితే గానీ తెలియలేదు.

స్పీకింగ్‌లో ఇంకా ఘోరం. నీళ్ల పక్కన ఉన్న ఒక చోటు గురించి చెప్పమని కార్డు ఇచ్చారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాలు. నాగార్జునసాగర్ మనది కాక ఎవరిది? 26 గేట్లూ ఎత్తిన రోజు జనం, కార్లు, చేపల వేపుడు బండ్లు, అన్నీ కళ్లముందు ఉన్నాయి. అంత దూరంలో నిలబడ్డా మొహం మీద పడే తుంపర గురించి చెప్పబోయి ఆగిపోయాను. తుంపరకు మాట దొరకలేదు. చివరికి 'స్మాల్ స్మాల్ వాటర్' అన్నాను. పరీక్ష పెట్టే ఆయన తలూపి నోట్ చేసుకున్నాడు.

ఆ మాట స్ప్రే. మా నాయిన బత్తాయి తోటలో నిలబడి "ఈ వారం స్ప్రే కొట్టాలె బిడ్డా" అని ఏడాది పొడుగునా అనే మాట. ఇంట్లో ఉన్నదాన్ని వదిలేసి కోఠిలో వెతికాను.

తొమ్మిదికి రైటింగ్ 5.5, స్పీకింగ్ 5.5 వచ్చాయి. యూనివర్సిటీ అడిగింది 6.5. మొదటి ఫీజు బత్తాయిల డబ్బు. దళారి తరుగు తీసుకోగా మిగిలినదాంట్లోంచి నాయిన లెక్కపెట్టి ఇచ్చాడు. రెండో ఫీజుకు తోటలో కాయ లేదు. రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు. ఎవరి దగ్గర తెచ్చాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. హాస్టల్ బిల్లు, బస్సు ఛార్జీలు వేరే. మీరంతా మార్కుల గురించి టెన్షన్ పడతారు గానీ, ఒక్కో అటెంప్ట్‌కు ఇంట్లో ఏం కదులుతుందో లెక్కేయరు.

రెండోసారి గోడమీది కాగితాలన్నీ చింపేశాను. న్యూజిలాండ్‌లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆమె 2000లో తయారుచేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్ ఉంది. మొత్తం 570 పద కుటుంబాలు, అంటే ఒకే మాట నుంచి పుట్టిన మాటల గుంపులు. నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, దానికి మాత్రం ఎవరికీ డబ్బులు కట్టకు. రోజుకు పది చాలు. మాటను ఒంటరిగా రాయకు, దాని చుట్టాలతో కలిపి రాయి. ఎకనామిక్ వేరు, ఎకనామికల్ వేరు. కరువు వస్తే మనకు ఎకనామిక్ సమస్య. డ్రిప్పు పెడితే నీళ్లు ఆదా, అది ఎకనామికల్. అలాగే పక్కన ఏ మాట కూర్చుంటుందో కూడా చూడు. వాన హెవీ అవుతుంది, బిగ్ కాదు. రిసెర్చ్‌ని డూ అంటారు, మేక్ అనరు. నేను ఒక్కో మాటకు ఒక్కో పేజీ ఇచ్చి, మా ఊరి సంగతితోనే వాక్యం రాసేదాన్ని. మోటరు కాలిపోవడం, బోరు ఎండిపోవడం, అన్నీ ఇంగ్లిష్‌లో రాశాను. ఇంతా చేసి, రైటింగ్, స్పీకింగ్‌లలో పదాలకు దక్కేది నాలుగో వంతు మార్కులే అని గుర్తుంచుకో.

లిజనింగ్‌లో స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. అకామడేషన్‌కు రెండు సీలు, రెండు ఎమ్ములు. నేను ఒక ఎమ్ము మింగేశాను.

మిగతా రూల్స్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకో. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. మా రోజుల్లో లేదు గానీ, కంప్యూటర్ పరీక్ష రాసినవాళ్లకు తప్పిన ఒక్క విభాగాన్నే మళ్లీ రాసుకునే వీలు వచ్చింది. నీ యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో డబ్బు కట్టకముందే మెయిల్ పెట్టి అడుగు.

రెండోసారి 7 వచ్చింది. ఇప్పుడు లెస్టర్‌లో సొంతిల్లు, ఆఫీసులో నా కింద ఏడుగురు. అందులో ఇంగ్లిష్‌వాళ్లే నలుగురు, నా మెయిల్స్ చదివాకే పని మొదలుపెడతారు. అయినా ఆ మిత్తి డబ్బు తీర్చడానికి ఇక్కడికొచ్చాక కూడా పద్నాలుగు నెలలు పట్టింది. మొదటి జీతంలోంచి పంపిస్తే నాయిన ఫోన్ చేసి, ఇంకా ఎంత ఉందో చెప్పకుండా, తోటకు స్ప్రే కొట్టించానని చెప్పి పెట్టేశాడు.