ప్రశ్న – జవాబు: సైనిక ఇంజనీరు చేతికి రహదారుల శాఖ

ప్రశ్న: మా ఊరి మీదుగా వెళ్లే చెన్నై–కోల్‌కతా రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించిన రోజుల్లో కేంద్ర మంత్రిగా ఉన్నది ఒక సైనికాధికారి అని విన్నాను. ఆయన ఎవరు? సైన్యంలో ఉద్యోగం చేస్తూనే రాజకీయాల్లోకి రావచ్చునా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: రాకూడదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సైనికాధికారి ఏ పార్టీలోనూ చేరడానికి వీల్లేదు. మీరు అడిగిన భువన్ చంద్ర ఖండూరీ కూడా 1954 నుంచి సైన్యంలోని ఇంజనీర్ల విభాగంలో పనిచేసి, 1990లో మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేసిన తరువాతనే భారతీయ జనతా పార్టీ తరఫున 1991లో నేటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1996లో ఓడిపోయినా 1998లో తిరిగి గెలిచారు. ఆయన రాజకీయాలకు పూర్తిగా కొత్తవారేమీ కాదు. ఉత్తరప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి హేమవతీ నందన్ బహుగుణ ఆయనకు స్వయానా మేనమామ.

వాజపేయి ప్రభుత్వంలో 2000లో ఖండూరీకి రహదారుల శాఖను సహాయమంత్రి హోదాలో, స్వతంత్ర బాధ్యతతో అప్పగించారు. 2003లో క్యాబినెట్ హోదా ఇచ్చారు. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజికి శంకుస్థాపన అంతకుముందే, 1999లో, జరిగింది. పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి చొప్పున వేసిన సెస్సుతో నిధులకూ ఒక దారి ఏర్పడింది. అందువల్ల ఆ పథకం ఆయన ఊహ అనడం సరికాదు. ఆయన వంతుకు వచ్చినది అమలు: భూసేకరణ, గుత్తేదారులు, గడువులు. జీవితమంతా ఇంజనీర్ల దళంలో గడిపిన మనిషికి ఇంతకన్నా తగిన శాఖ దొరకదని నా అభిప్రాయం. అయినా 2003 చివరికి ముగించాలనుకున్న పని ఆ గడువుకు ముగియలేదు. పైగా, పనుల్లో అక్రమాలు జరుగుతున్నాయని ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే అదే ఏడాది నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. మంత్రి నిజాయితీని శంకించినవారు తక్కువే గాని, ఒక్కరి నిజాయితీ కింది అంచెలన్నిటికీ పాకదని ఆ ఘటన చూపింది.

2007లో ఆయన ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఫైళ్ల మీద ఆదేశాలు నడిచినంత సులువుగా శాసనసభ్యులు నడవరు. 2009 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని ఐదు స్థానాలూ పార్టీ చేజారడంతో ఆయన తప్పుకోవలసి వచ్చింది. 2011 సెప్టెంబరులో పార్టీయే మళ్లీ పిలిచింది. ముఖ్యమంత్రిని సైతం విచారణ పరిధిలోకి తెచ్చే లోకాయుక్త బిల్లును ఆయన కొద్ది వారాల్లోనే శాసనసభలో ఆమోదింపజేశారు. ‘ఖండూరీ హై జరూరీ’ (ఖండూరీ కావలసిందే) అనే నినాదంతో 2012 ఎన్నికలకు వెళ్లిన పార్టీకి 31 స్థానాలు, కాంగ్రెసుకు 32 వచ్చాయి. ఆ ఖండూరీయే కోట్‌ద్వార్‌లో ఓడిపోయారు. ఆయన తరువాత ముఖ్యమంత్రి అయినది ఎవరనుకున్నారు? మేనమామ కుమారుడు, కాంగ్రెసు నాయకుడు విజయ్ బహుగుణ.

2014లో గఢ్వాల్ నుంచి మళ్లీ గెలిచిన ఆయన రక్షణ శాఖ వ్యవహారాలను పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షులయ్యారు. సైన్యం ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతబడినదేనని 2018 మార్చిలో ఆ సంఘం పార్లమెంటుకు నివేదించింది. సొంత పార్టీ అధికారంలో ఉండగా అలా రాయడానికి మాజీ సైనికుడే కావాలేమో! ఆ సెప్టెంబరులో అధ్యక్ష స్థానం కల్‌రాజ్ మిశ్రాకు వెళ్లింది. తండ్రి ఓడిన కోట్‌ద్వార్ నుంచి 2022లో గెలిచిన కుమార్తె రీతూ ఖండూరీ ఉత్తరాఖండ్ శాసనసభ స్పీకరు అయ్యారు.