బొద్దింక రక్తం ఎర్రగా ఎందుకు ఉండదు?

రక్తానికి ఎరుపు రంగునిచ్చే హీమోగ్లోబిన్ బొద్దింకలో లేదు. ఆక్సిజన్‌ను మోయడం దాని రక్తం పని కాదు కనుక ఆ వర్ణకం దానికి అవసరమూ లేదు.

మన శరీరంలో ఊపిరితిత్తుల నుంచి కణాలకు ఆక్సిజన్‌ను చేరవేసేది రక్తమే. బొద్దింకలో మాత్రం దేహానికి ఇరువైపులా ఉన్న 10 జతల శ్వాసరంధ్రాల గుండా గాలి లోపలికి ప్రవేశించి, కొమ్మలు రెమ్మలుగా చీలిన వాయునాళాల ద్వారా నేరుగా కణజాలాలకు చేరుతుంది. జీర్ణమైన ఆహారాన్ని, హార్మోన్లను, వ్యర్థాలను మోయడం రక్తానికి మిగిలిన పని. 13 గదులు గల పొడవాటి గుండె దానిని ముందుకు నెట్టగా, అది మూసి ఉన్న నాళాల్లో కాకుండా దేహకుహరంలోనే అవయవాలను తడుపుతూ ప్రవహించి, నెమ్మదిగా తిరిగి గుండెకు చేరుతుంది. ఆక్సిజన్ సరఫరా వేరుగా జరుగుతున్నందువల్లనే ఇంత నిదానమైన ప్రసరణ సరిపోతోంది.

తల తెగిన బొద్దింక కొన్ని రోజులు బతకగలగడం ఇందుకు ఉదాహరణ. దాని శ్వాసరంధ్రాలు తలపై కాక మొండెంపై ఉంటాయి.

కీటకాలకు అసలు రక్తమే ఉండదని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. దాదాపు రంగులేని ఆ ద్రవమే వాటి రక్తం. దోమను చంపినప్పుడు అంటుకునే ఎరుపు, అది అంతకుముందు మనుషుల నుంచో పశువుల నుంచో పీల్చిన రక్తానిది.