పరీక్ష విఫలమైందా, లోపం బయటపడిందా?

సందేహం: నేను సర్వర్ల నిర్వహణలో పనిచేస్తున్నాను. సర్వర్‌లోని మెమరీ, డిస్కులు, ఫ్యాన్లు, పవర్ సప్లై వంటి భాగాలను గ్రాఫికల్ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించే పద్ధతిని, కొత్తగా చేరినవారి కోసం తెలుగులో రాస్తున్నాను. పాత అనువాదం ఒకటి చేతికి వచ్చింది. అందులో 'రోగనిర్ధారణ పరీక్షను అమలు చేయండి', 'పరీక్ష ఉత్తీర్ణమైంది', 'పరీక్ష విఫలమైంది', 'విధ్వంసక పరీక్ష' అనే మాటలు ఉన్నాయి. చదువుతుంటే అర్థమవుతున్నట్టే ఉంది గాని ఎక్కడో తేడాగా ఉంది. ఇవి సరైన ప్రయోగాలేనా? కాకపోతే ఏమని రాయాలి?

సమాధానం: మీకు తోచిన తేడా నిజమైనదే. నాలుగింటిలోనూ ఎక్కువ హాని చేసేది 'పరీక్ష విఫలమైంది' కనుక ముందు దాని సంగతి చూద్దాం.

విఫలం అంటే ఫలం లేనిది. ప్రయత్నం విఫలమవుతుంది, చర్చలు విఫలమవుతాయి. అనుకున్నది దక్కనప్పుడు ఆ మాట వాడతాం. మెమరీలో లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పెట్టినప్పుడు, లోపం ఉన్నదని తేలితే ఆ పరీక్ష ఇవ్వవలసిన ఫలం ఇచ్చినట్టే. దానిని విఫలమైందనడం అర్థాన్ని తలకిందులు చేయడం. రక్తపరీక్షలో చక్కెర ఎక్కువగా ఉన్నదని తేలితే, రక్తపరీక్ష విఫలమైందని తెలుగులో ఎవరూ అనరు. చక్కెర ఎక్కువ ఉందంటారు. రక్తం సరిపోకనో, నమూనా చెడిపోయో ఏమీ తేలకపోతేనే పరీక్ష విఫలమైనట్టు. ఇంగ్లీషువారు ఈ రెండు సందర్భాలకూ ఒకే క్రియ వాడుకొని నెట్టుకురాగలరు. తెలుగులో అలా వీలుపడదు.

మీ ఉత్తరం చేరిన తరువాత, ఈ పని రోజూ చేసే మిత్రుడొకరి పక్కన కూర్చుని చూశాను. తెర మీద ఎడమవైపు సర్వర్‌లోని భాగాల పేర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్క పేరు ముందు చిన్న గడి ఉంది. ఆయన మెమరీ ముందున్న గడిలో టిక్కు పెట్టి, త్వరిత పరీక్ష, పూర్తి పరీక్ష అన్న రెండింటిలో రెండోదాన్ని ఎంచుకుని, ఎన్ని సార్లు జరపాలో అంకె వేసి, బటన్ నొక్కారు. సాఫ్ట్‌వేర్ చేసే పని నిజానికి చాలా సూటి అయినది. మెమరీలోని గదులలో ఒకట్లనూ సున్నాలనూ ఒక వరుసలో రాసి, మళ్లీ చదివి, రాసినదీ చదివినదీ ఒకటేనా అని పోల్చి చూస్తుంది. తరువాత ఒకటి ఉన్నచోట సున్నా, సున్నా ఉన్నచోట ఒకటి పెట్టి అదే పని మళ్లీ చేస్తుంది. కొంతసేపటికి ఐదవ స్లాట్ (మెమరీ పలకను అమర్చే చోటు) వరుస ఎర్రబడింది. ఆయన నావైపు తిరిగి, 'టెస్ట్ అయిపోయిందండీ. ఐదో స్లాట్‌లో మెమరీ పోయింది' అన్నారు.

ఆ రెండు చిన్న వాక్యాలను గమనించండి. అయిపోయినది పరీక్ష, పోయినది మెమరీ. దేని కర్త దానికుంది, దేని క్రియ దానికుంది. మీ పాత అనువాదం ఇదే స్థితిని 'మెమరీ పరీక్ష విఫలమైంది' అన్న ఒక్క వాక్యంలో కుక్కి, ఏది చెడిందో చెప్పకుండా వదిలేసింది. ఆయన మరొక సర్వర్ మీద అదే పని చేసినప్పుడు పరీక్ష సగంలో ఆగిపోయింది. ఏ భాగం గురించీ ఏమీ తేలలేదు. విఫలమైందనవలసింది దానిని. ఈ రెండు ఫలితాలకూ ఒకే వాక్యం రాస్తే, కొత్తగా చేరిన ఉద్యోగి ఆగిపోయిన పరీక్షను చూసి మంచి మెమరీని ఊడబీకుతాడు, లేదా ఎర్రబడిన వరుసను చూసి 'మళ్లీ ఒకసారి పెట్టి చూద్దాం' అనుకుని చెడిన మెమరీతోనే సర్వర్‌ను వాడుకలోకి పంపుతాడు. కనుక మొదటి సందర్భంలో 'ఐదవ స్లాట్‌లోని మెమరీలో లోపం కనబడింది' అనీ, రెండవ సందర్భంలో 'పరీక్ష పూర్తి కాలేదు' అనీ రాయండి. 'లోపం కనుగొనబడింది' అని రాయనక్కరలేదు. 'కనబడింది' అన్న మన మాట ఉండగా, కర్మణి ప్రయోగంతో వాక్యాన్ని బరువెక్కించడం దేనికి?

'మెమరీ పరీక్ష తప్పింది' అంటే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. పిల్లవాడు పరీక్ష తప్పాడన్నంత తేలికగా అది కుదరదు. 'గండం తప్పింది' అన్న వాడుక మనకు బలంగా ఉన్నందువల్ల, 'మెమరీ పరీక్ష తప్పింది' అన్న వాక్యం మెమరీకి పరీక్ష పెట్టవలసిన బాధ తప్పిందన్నట్టుగా కూడా వినబడుతుంది. సూచనల పుస్తకంలో రెండర్థాల వాక్యానికి చోటు ఉండకూడదు.

'పరీక్ష ఉత్తీర్ణమైంది' అన్నదానిలో పొరపాటు ఇంకా స్పష్టం. ఉత్తీర్ణ శబ్దంలో ఉన్నది దాటు అనే అర్థం గల ధాతువు. ఏరు దాటినవాడు ఉత్తీర్ణుడు. ఏరు ఉత్తీర్ణం కాదు. పరీక్ష ఇక్కడ ఏరు, దాటవలసినది మెమరీ. వ్యాకరణరీత్యా 'మెమరీ పరీక్షలో ఉత్తీర్ణమైంది' అనవచ్చు గాని, యంత్రభాగానికి అంత పెద్ద మాట అక్కరలేదు. 'మెమరీ బాగుంది', 'లోపమేమీ కనబడలేదు' అంటే చాలు. ఈ రెండింటిలో నాకు రెండవదే నచ్చుతుంది. త్వరిత పరీక్షలో లోపం కనబడనంత మాత్రాన లోపం లేదని తేలినట్టు కాదు కదా; చూసినంత మేరకే చెప్పడం నిజాయితీ.

ఇక 'అమలు చేయండి'. చట్టం అమలవుతుంది, ఉత్తర్వు అమలవుతుంది. ముందే రాసిపెట్టిన దానిని ఆచరణలోకి తేవడం అమలు. పరీక్షలకు తెలుగులో వేరే క్రియలున్నాయి. పరీక్ష పెడతాం, చేస్తాం, జరుపుతాం, నిర్వహిస్తాం. ఈ పనిలో ఉన్నవారి నోట నేను ఎక్కువగా విన్నది 'పెట్టు'. 'రాత్రి డిస్కులకు టెస్ట్ పెట్టి వచ్చాను, పొద్దున చూడాలి' అన్న మాటలో ఎంత నిండైన అర్థం ఉందో చూడండి. డిస్కు తనంతట తాను జరుపుకొనే పరీక్షలలో చిన్నది రెండు మూడు నిమిషాలలో ముగుస్తుంది గాని, మొదటి నుంచి చివరి దాకా ప్రతి చోటునూ చదివే పూర్తి పరీక్ష పెద్ద డిస్కులకు గంటల తరబడి సాగుతుంది. మొదలుపెట్టి వదిలి, తరువాత వచ్చి చూసుకోవడమనే ఆ తీరంతా 'పెట్టి వచ్చాను' లో ఇమిడిపోయింది. కనుక సూచనలో 'పరీక్ష మొదలుపెట్టండి' అనీ, వివరణలో 'డిస్కులకు పూర్తి పరీక్ష పెట్టినప్పుడు' అనీ నిస్సంకోచంగా రాయండి.

'రోగనిర్ధారణ' లో రోగం యంత్రానికి పనికిరాదు. యంత్రం చెడిపోతుంది, పాడవుతుంది, మొరాయిస్తుంది. దానికి రోగం రాదు. నిర్ధారణ మాత్రం మంచి మాటే. తేల్చడమని దాని అర్థం. 2020లో కరోనా వచ్చినప్పటినుంచి 'నిర్ధారణ పరీక్ష' ఇంటింటా వినబడే మాట కూడా అయింది. అయితే దానికీ తగిన చోటు వేరే ఉంది. సర్వర్ మాటిమాటికీ ఆగిపోతున్నదనో, ఏదో భాగం మీద అనుమానం ఉన్నదనో పెట్టేది లోపనిర్ధారణ పరీక్ష. కొత్త సర్వర్‌ను వాడుకలోకి తెచ్చే ముందు చేసేది వట్టి హార్డ్‌వేర్ పరీక్ష. వర్ణక్రమం విషయంలో ఒక మనవి: 'నిర్థారణ', 'నిర్దారణ' అని రాయడం బాగా వ్యాపించింది. ధారణలో ఉన్న ధకారమే ఇందులోనూ ఉన్నది. నిర్ధారణ అన్నదే సాధురూపం.

పరీక్షకూ తనిఖీకీ ఉన్న తేడాను కూడా మీ పుస్తకంలో నిలుపుకోండి. ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోంది, లోపలి వేడి ఎంత, పవర్ సప్లైలు రెండూ పనిచేస్తున్నాయా అని ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం తనిఖీ. పని చెప్పి, ఎలా చేస్తుందో చూడడం పరీక్ష. తనిఖీ వల్ల నడుస్తున్న సర్వర్‌కు ఇబ్బంది ఉండదు. పరీక్షకు ఒక్కొక్కసారి దానిని పనిలోనుంచి తప్పించవలసి వస్తుంది. మాట మారితే చదివేవారి జాగ్రత్త కూడా మారుతుంది.

అలాగే తప్పు, లోపం అన్న రెండు మాటలను ఒకదాని బదులు ఒకటి వాడకండి. తప్పు జరుగుతుంది, లోపం ఉంటుంది. సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ, అంటే తప్పులను సరిదిద్దుకునే మెమరీ, సాధారణంగా 64 బిట్ల (ఒకట్లు, సున్నాల) డేటాకు తోడుగా 8 బిట్లు అదనంగా పెట్టుకుని, ఒక బిట్టు తారుమారైతే తానే సరిదిద్దుకుంటుంది. రెండు బిట్లు తారుమారైతే సరిదిద్దలేదు గాని, తప్పు జరిగిందని గుర్తించి చెబుతుంది. మొదటిదాన్ని 'సరిచేయబడిన లోపం' అని రాస్తే, ఎవరో వచ్చి మెమరీని బాగుచేసి వెళ్లారన్న భ్రమ కలుగుతుంది. 'మెమరీ తానే సరిదిద్దుకున్న తప్పు' అనండి. అదే గదిలో అదే తప్పు పదేపదే జరుగుతుంటే, అప్పుడు 'లోపం ఉండవచ్చు' అనండి.

మెమరీ, డిస్కు, సర్వర్, ఫ్యాన్, స్లాట్ అన్న మాటలను అనువదించకండి. 'జ్ఞాపకశక్తి పరీక్ష' అని రాస్తే చదివేవారు తమకే పరీక్ష అనుకుంటారు.

చివరగా 'విధ్వంసక పరీక్ష'. ఈ మాట చదివినవారు డిస్కు పగిలిపోతుందేమోనని భయపడతారు గాని, డేటా పోతుందని మాత్రం గ్రహించరు. నిజానికి డిస్కుకు ఏమీ కాదు. పరీక్ష కోసం కొత్త రాతలు రాయడం వల్ల అందులో అంతకుముందున్న డేటా చెరిగిపోతుంది. దీనికి 'డేటాను చెరిపే పరీక్ష' అనీ, అలా చెరపనిదానికి 'డేటాను చెరపని పరీక్ష' అనీ పేర్లు పెట్టండి.

ఈ పరీక్షకు ముందు తెర మీద వచ్చే ప్రశ్న గురించి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. అనువాదాలలో ఎక్కడ చూసినా రెండే బటన్లు కనబడతాయి: అవును, కాదు. తెలుగులో నిరాకరణకు ఒకే మాట లేదు. 'ఇది ఐదవ స్లాటేనా?' అంటే 'కాదు' అంటాం. 'ముందువైపు దీపం వెలుగుతున్నదా?' అంటే 'లేదు' అంటాం. 'డేటాను చెరపమంటారా?' అంటే 'వద్దు' అంటాం. చెరపమంటారా అన్న ప్రశ్న కింద 'కాదు' అన్న బటన్ ఉంటే, అర్ధరాత్రి నిద్రకళ్లతో పనిచేస్తున్న మనిషి ఒక్క క్షణం తటపటాయిస్తాడు. తటపటాయింపులో తప్పు బటన్ మీదికి వేలు పోవడానికి ఆ క్షణం చాలు. ఆ రెండు బటన్ల మీద 'చెరిపి పరీక్షించు', 'చెరపవద్దు' అని క్రియతో సహా రాయించండి. సాఫ్ట్‌వేర్‌ను మార్చే వీలు మీకు లేకపోతే, కనీసం మీ పుస్తకంలో ఆ తెర బొమ్మ కిందనైనా ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో విడివిడి వాక్యాలలో రాయండి.