స్లాబులో స్కైలైట్ పెడితే ఇల్లు వేడెక్కుతుందా?

విజయవాడ, గుంటూరుల్లో స్కైలైట్ (వెలుతురు కోసం పైకప్పులో పెట్టే కిటికీ) అద్దాన్ని స్లాబుపై అడ్డంగా పరిస్తే వేసవిలో గది తప్పక వేడెక్కుతుంది. ఉత్తరం వైపు నిలువుగా బిగిస్తే మాత్రం వెలుతురు వస్తుంది, వేడి చాలావరకు తగ్గుతుంది. ఈ ఊళ్లు సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నందున మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నడుమ నెలల్లోనూ పెద్దగా పక్కకు జరగడు. పరిచిన అద్దం ఆ ఎండను చాలావరకు లోపలికి దింపుతుంది. ఉదాహరణకు, ఇరువైపులా పక్కిళ్ల గోడలు ఆనుకుని కిటికీలకు చోటులేని హాలుకు, స్లాబులో రెండడుగుల ఖాళీ వదిలి, చుట్టూ గోడ లేపి, పైన కప్పు వేసి, ఉత్తరాన మాత్రమే అద్దం పెట్టి సన్‌షేడ్ ఇవ్వవచ్చు (పాత స్లాబైతే కమ్మీలు కోసే ముందు ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి). ముదురు రంగు అద్దం వేడిని పూర్తిగా ఆపుతుందన్నది అపోహ. అది వెలుతురును తగ్గిస్తుంది, తాను పీల్చుకున్న వేడిలో కొంత గదిలోకే వదులుతుంది.